ముద్ద మింగుడు పడట్లేదా? 'గ్యాస్' అని వదిలేయొద్దు.. అన్నవాహిక పొరను కొలిచే టెస్ట్ ఏం చెబుతోంది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ముందు జరగాల్సింది ఏంటి?

అన్నం తింటుంటే ముద్ద ఛాతీ మధ్యలో ఆగినట్టు ఉంటుంది. నీళ్లు తాగితే గానీ కిందకు దిగదు. దావత్‌కు వెళ్తే మటన్ ముక్క చూసి భయం వేస్తుంది. మన దగ్గర ఇలాంటి ఇబ్బందులన్నీ 'గ్యాస్' ఖాతాలోనే పడిపోతాయి. మెడికల్ షాపుకెళ్లి ఒక గోలీ తెచ్చుకుని వేసుకుంటారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. ఇలా ఏళ్లు గడిచిపోతాయి.

ఇందులో కొందరికి ఉన్నది గ్యాస్ కాదు. అన్నవాహికకు వచ్చే ఒక రకం అలర్జీ జబ్బు. పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. డాక్టర్లు పొట్టిగా ఈఓఈ అంటారు. ఈ జబ్బులో అన్నవాహిక లోపలి పొర ఎంత దెబ్బతిందో కరెంటు సాయంతో నేరుగా కొలిచే పద్ధతిపై కొన్నేళ్లుగా అమెరికా, యూరప్‌లో పరిశోధనలు సాగుతున్నాయి. అసలు ఆ టెస్ట్ ఏంటి? దానితో ఏం తేలింది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి చోట్ల ఉన్నవాళ్లకు దానితో ఏం పని? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఏంటీ జబ్బు?

'ఇస్నోఫీలియా' అనే మాట మనకు కొత్తేం కాదు. తుమ్ములు, దగ్గు, ఆయాసం అంటూ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చాలామంది వినే మాటే. ఇసినోఫిల్స్ అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. అలర్జీ వచ్చినా, కడుపులో పురుగులున్నా ఇవి పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి అన్నవాహిక పొరలో మాత్రం ఇవి కనిపించకూడదు. ఈఓఈ ఉన్నవాళ్లలో ఇవి అక్కడికే వచ్చి తిష్ట వేస్తాయి.

ఇదొక ప్రత్యేకమైన జబ్బు అని వైద్య ప్రపంచం గుర్తించి ఎంతో కాలం కాలేదు. 1993లో ఆట్‌వుడ్, 1994లో స్విట్జర్లాండ్‌కు చెందిన స్ట్రౌమన్ బృందాలు పెద్దవాళ్లలో దీన్ని విడిగా వివరించాయి. అంతకుముందు ఇలాంటి కేసులను కూడా యాసిడ్ పైకి తన్నే సమస్యగానే చూసేవాళ్లు. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో ఎక్కువ. 20 నుంచి 45 ఏళ్ల మధ్య వయసువాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. ఆస్తమా, ముక్కు అలర్జీ, తామర లాంటివి ఉన్నవాళ్లలో అవకాశం ఇంకా ఎక్కువ.

మన దేశంలో ఇది లేదనుకుంటే పొరపాటే. ఉత్తర భారతంలోని ఒక పెద్దాసుపత్రిలో ఛాతీ మంట లక్షణాలతో వచ్చినవాళ్లకు బయాప్సీ చేసి చూస్తే, దాదాపు 3 శాతం మందిలో ఈఓఈ కనిపించింది. శాతం చిన్నదే. కానీ గ్యాస్ గోలీలు మింగేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆలోచిస్తే లెక్క చిన్నది కాదు.

పొర గట్టిదనం అంటే ఏంటి?

సిరిసిల్ల వాళ్లకు ఇది చెప్పడం సులువు. బట్ట నేత దగ్గరగా ఉంటే నీళ్లు పోసినా వెంటనే కారిపోవు. పడుగు, పేక మధ్య సందు పెరిగి నేత పలచబడితే నీళ్లు ఇట్టే దిగిపోతాయి. అన్నవాహిక లోపలి పొర కూడా ఇలాంటిదే. కణాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే ప్రొటీన్లు ఉంటాయి. తిన్న తిండిలోని పదార్థాలు, పైకి తన్నిన యాసిడ్ లోపలికి దిగకుండా ఆ పొర కాపలా కాస్తుంది.

ఈఓఈలో ఈ నేత వదులవుతుంది. ఐఎల్-13 అనే రసాయన సంకేతం ఎక్కువై, కణాలను పట్టి ఉంచే డెస్మోగ్లీన్-1, పొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ లాంటి ప్రొటీన్లు తగ్గిపోతాయి. కణాల మధ్య సందులు పెరుగుతాయి. ఆ సందుల్లోంచి పాలు, గోధుమ లాంటి తిండిలోని ప్రొటీన్లు లోపలికి దిగుతాయి. దాంతో అలర్జీ ఇంకా రేగుతుంది, ఇంకొన్ని ఇసినోఫిల్స్ వచ్చి చేరతాయి, పొర ఇంకా వదులవుతుంది. అంటే పొర దెబ్బతినడం జబ్బు ఫలితం మాత్రమే కాదు, జబ్బు కొనసాగడానికి కారణం కూడా. పరిశోధకులు పొర గట్టిదనాన్ని కొలవాలని పట్టుబట్టింది ఇందుకే.

ఎలా కొలుస్తారు?

ప్రధానంగా 2 దారులున్నాయి.

మొదటిది ల్యాబ్ దారి. ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కను ఉస్సింగ్ ఛాంబర్ అనే పరికరంలో, రెండు గదుల మధ్య తెరలా బిగిస్తారు. ఒకవైపు నుంచి ఇంకోవైపుకు కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూస్తారు. ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగును ఒకవైపు వేసి, అది ఎంత దాటిందో కొలుస్తారు. పొర గట్టిగా ఉంటే రంగు దాటదు, వదులైతే దాటుతుంది. ఇది పరిశోధనకు బాగుంటుంది గానీ రోజువారీ ఆసుపత్రి పనికి కుదరదు.

రెండోది ఎండోస్కోపీ జరుగుతుండగానే కొలిచే దారి. పేరు మ్యూకోసల్ ఇంపీడెన్స్. సెన్సర్లున్న సన్నని గొట్టాన్ని లేదా చిన్న బెలూన్‌ను ఎండోస్కోపీ సమయంలోనే అన్నవాహిక గోడకు ఆనిస్తారు. మనిషికి ఏమాత్రం తెలియనంత చిన్న కరెంటు పంపి, గోడ దాన్ని ఎంత అడ్డుకుంటోందో ఓమ్‌లలో కొలుస్తారు. గట్టి పొర కరెంటును అడ్డుకుంటుంది, కాబట్టి ఓమ్‌లు ఎక్కువ. సందులు పడి ద్రవం చేరిన పొరలో కరెంటు తేలిగ్గా పోతుంది, కాబట్టి ఓమ్‌లు తక్కువ. ఇంట్లో తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు అంటాం కదా, సూత్రం అదే. బెలూన్ రకంలో సుమారు 10 సెంటీమీటర్ల పొడవునా రీడింగులు ఒకేసారి వచ్చేస్తాయి. ల్యాబ్ రిపోర్ట్ కోసం రోజుల తరబడి ఆగక్కర్లేదు.

కొలిస్తే ఏం తేలింది?

మొదటి విషయం. 2015లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం పెద్దవాళ్లలో చేసిన అధ్యయనం ప్రకారం, ఈఓఈ బాగా రేగి ఉన్నవాళ్లలో రీడింగ్ చాలా తక్కువగా ఉంది. చికిత్సతో జబ్బు అదుపులోకి వచ్చినవాళ్లలో ఎక్కువగా ఉంది. ఇసినోఫిల్స్ ఎక్కువ ఉన్నచోట, కణాల మధ్య సందులు పెరిగినచోట ఓమ్‌లు పడిపోయాయి. అంటే మిషన్ చెప్పే అంకెకు, మైక్రోస్కోప్‌లో కనిపించేదానికి పొంతన కుదిరింది.

రెండో విషయం ఇంకా ముఖ్యం. యాసిడ్ పైకి తన్నే జబ్బుకు, ఈఓఈకి తేడా తెలిసింది. యాసిడ్ కింద నుంచి వస్తుంది కాబట్టి, అన్నవాహిక కింది భాగంలో రీడింగ్ తగ్గుతుంది, పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఈఓఈలో అలా కాదు. పై నుంచి కింద వరకు అంతటా తక్కువగానే ఉంటుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ తేడాను చూపించారు. 'గ్యాసా, అలర్జీనా' అనే ప్రశ్నకు ఎండోస్కోపీ గదిలోనే ఒక ఆధారం దొరుకుతుందన్నమాట.

మూడోది నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ బృందం చూపిన విషయం. యాసిడ్ తగ్గించే గోలీలకు లొంగిన రోగుల్లో పొర కొంతవరకు కోలుకుంది, లొంగనివాళ్లలో కోలుకోలేదు. ఇదే బృందం ఇంకో అధ్యయనంలో, పెద్దవాళ్లకు 4 వారాల పాటు మామూలు తిండి మొత్తం ఆపి, అలర్జీ కలిగించని ప్రత్యేక ద్రవాహారం ఇచ్చింది. అన్నవాహికలో ఇసినోఫిల్స్ తగ్గాయి, పొర గట్టిదనం మెరుగుపడింది. తిండికి, పొరకు ఉన్న లింకు దీంతో ఇంకా స్పష్టమైంది.

అయితే ఒక మాట. ఈ అధ్యయనాల్లో చాలావరకు కొద్దిమంది పేషెంట్లపై, పెద్ద పెద్ద కేంద్రాల్లో జరిగినవే. ఇవాళ్టికీ ఈఓఈని ఖాయం చేసేది బయాప్సీయే. ఇంపీడెన్స్ దానికి తోడు మాత్రమే, బదులు కాదు.

బయాప్సీ ఉండగా ఈ టెస్ట్ ఎందుకు?

బయాప్సీకి కొన్ని పరిమితులున్నాయి. ఇసినోఫిల్స్ అన్నవాహిక అంతటా సమానంగా ఉండవు. ఒకచోట గుంపుగా ఉంటాయి, పక్కనే ఏమీ ఉండవు. అందుకే కనీసం 2 చోట్ల నుంచి, కనీసం 6 ముక్కలు తీయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మైక్రోస్కోప్‌లో పెద్దగా చూపించే ఒక ఫీల్డ్‌లో 15 లేదా అంతకుమించి ఇసినోఫిల్స్ కనిపించాలి. లక్షణాలు కూడా ఉండాలి. వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. అప్పుడే ఈఓఈ అంటారు.

ఇంకో చిక్కు, లక్షణాలను నమ్మలేకపోవడం. ఈ జబ్బు ఉన్నవాళ్లు తెలియకుండానే సర్దుకుపోతారు. చిన్న చిన్న ముద్దలు పెట్టుకుంటారు, బాగా నమిలి తింటారు, ప్రతి బుక్కకు నీళ్లు తాగుతారు, మాంసం మానేస్తారు. 'ఇప్పుడు బాగానే ఉంది డాక్టర్' అంటారు. లోపల జబ్బు అలాగే ఉంటుంది. అందుకే చికిత్స మార్చిన ప్రతిసారీ, దాదాపు 8 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ, మళ్లీ బయాప్సీ చేసి చూడాల్సి వస్తుంది. మానేసిన తిండిని ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టే పద్ధతిలో అయితే ఎన్నిసార్లు గొట్టం వేయించుకోవాలో లెక్కే ఉండదు.

మీటర్ల లెక్కన కూలీ వచ్చే మరమగ్గం కార్మికుడికో, బీడీల లెక్కన డబ్బులొచ్చే మహిళకో ఇది మాటలు కాదు. సిరిసిల్ల నుంచి హైదరాబాద్ సుమారు 140 కిలోమీటర్లు. జగిత్యాల నుంచి ఇంకా దూరం, కోరుట్ల నుంచి మరీ దూరం. ఒక్కో ట్రిప్పుకు బస్ ఛార్జీ, తోడు వచ్చేవాళ్ల ఖర్చు, పోయిన కూలీ. తక్కువసార్లలో ఎక్కువ విషయం తేల్చే ఏ టెస్టైనా ముందు ఉపయోగపడేది ఇలాంటి కుటుంబాలకే.

ఆలస్యం అయితే ఏమవుతుంది?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వాపు ఏళ్ల తరబడి ఉంటే అన్నవాహిక గోడ గట్టిపడి ఇరుకైపోతుంది. స్విట్జర్లాండ్‌లో 200 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని అంకెల్లో చూపించింది. లక్షణాలు మొదలైన 2 ఏళ్లలోపే జబ్బు బయటపడ్డవాళ్లలో ఇరుకు కనిపించింది 17 శాతం మందిలో. 20 ఏళ్లకు మించి ఆలస్యమైనవాళ్లలో ఏకంగా 70 శాతం మందిలో. ఈఓఈ క్యాన్సర్‌గా మారుతుందన్న భయం అక్కర్లేదు. కానీ అన్నం మింగలేని స్థితి చిన్న కష్టమేం కాదు.

ఇరుకు ఏర్పడ్డాక మందుతో పాటు, బెలూన్ లాంటి పరికరాలతో దారిని వెడల్పు చేయాల్సి రావచ్చు. ముందే దొరికితే చాలామందికి గోలీతోనో, తిండి మార్పుతోనో సరిపోతుంది.

మూడు పట్టణాల సంగతేంటి?

జగిత్యాల, సిరిసిల్ల రెండూ 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లా కేంద్రాలయ్యాయి. జగిత్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో, సిరిసిల్ల కాలేజీ 2023లో మొదలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనే ఉంది, సుమారు 25 కిలోమీటర్ల దూరం. ఇది ఈ కథలో చాలా కీలకమైన మార్పు. ఎందుకంటే మెడికల్ కాలేజీ అంటే పాథాలజీ విభాగం ఉంటుంది.

ఈఓఈని పట్టుకోవడానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు. ముక్కను మామూలు హెచ్ అండ్ ఈ రంగుతో అద్ది, మామూలు మైక్రోస్కోప్ కింద పెట్టి, కణాలను లెక్కపెట్టడమే. ఇసినోఫిల్ అనే పేరు కూడా అందులోంచే వచ్చింది. ఇయోసిన్ అనే ఎర్రటి అద్దకాన్ని ఈ కణం ఇష్టంగా పట్టుకుంటుంది. సిరిసిల్లలో అద్దకం పని తెలిసినవాళ్లకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

అంటే జిల్లాల్లో ముందు రావాల్సింది ఇంపీడెన్స్ బెలూన్ కాదు. రావాల్సింది ఒక అలవాటు. మింగడం కష్టంగా ఉందన్న మనిషికి ఎండోస్కోపీ చేసినప్పుడు, అన్నవాహిక చూడ్డానికి మామూలుగా ఉన్నా సరే ముక్కలు తీసి పంపే అలవాటు. ఎందుకంటే ఈఓఈ ఉన్న కొందరిలో పొర పైకి మామూలుగానే కనిపిస్తుంది. ఉంగరాల్లాంటి గీతలు, నిలువు చాళ్లు, తెల్లటి మచ్చలు అందరిలోనూ ఉండవు. రిపోర్టులో కూడా 'వాపు ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఫీల్డ్‌కు ఎన్ని ఇసినోఫిల్స్ ఉన్నాయో అంకె రాయాలి. ఆ అంకె ఉంటేనే రేపు చికిత్స పనిచేసిందో లేదో పోల్చుకోగలం.

రక్తపరీక్షలో ఎక్కువ వస్తే ఇదేనా?

కాదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద 2021లో జిల్లాల్లో కేంద్రాలు మొదలైనప్పుడు జగిత్యాల, సిరిసిల్ల కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రక్తపరీక్ష ఇప్పుడు దగ్గర్లోనే దొరుకుతోంది. కానీ రక్తంలో ఇసినోఫిల్స్ పెరగడానికి మన దగ్గర కారణాలు చాలా. కడుపులో పురుగులు, ఆస్తమా, ఫైలేరియా.. ఉమ్మడి కరీంనగర్ ప్రాంతానికి ఫైలేరియా కొత్తేం కాదు. కాబట్టి రక్తంలో ఎక్కువ ఉన్నంత మాత్రాన ఈఓఈ అని భయపడొద్దు. రక్తంలో మామూలుగా ఉంది కాబట్టి ఈఓఈ లేదని కూడా అనుకోవద్దు. తేల్చేది అన్నవాహిక ముక్కే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు గమనించాల్సింది

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని వాడ అరుదు. ఈఓఈ బయటపడే వయసు, గల్ఫ్‌లో పనిచేసే వయసు దాదాపు ఒకటే. అక్కడ క్యాంపుల్లో ఖుబ్బూస్ అంటే గోధుమ, లబన్ అంటే పాలు. ఈ జబ్బును ఎక్కువగా రేపే తిండి పదార్థాల్లో పాలు, గోధుమ ముందు వరుసలో ఉంటాయి. అలాగని గల్ఫ్ తిండి వల్లే జబ్బు వస్తుందని కాదు. ఛుట్టీకి వచ్చినప్పుడు కొన్ని వారాలే ఉంటాయి కాబట్టి, మింగడం కష్టంగా ఉంటే ఆ సెలవుల్లోనే చూపించుకోవాలి. అక్కడ చేసిన ఎండోస్కోపీ రిపోర్ట్, బయాప్సీ రిపోర్ట్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. పాత అంకె లేకపోతే కొత్త డాక్టర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

చికిత్స ఉందా?

ఉంది. ఒకటి కాదు, 3 దారులున్నాయి.

1. యాసిడ్ తగ్గించే గోలీలు. ఒమిప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి. దాదాపు సగం మందిలో ఇసినోఫిల్స్ తగ్గుతాయి. గమనించాల్సిన విషయం ఏంటంటే, ముందే ఈ గోలీలు వేసుకుంటూ ఎండోస్కోపీకి వెళ్తే జబ్బు దాగిపోవచ్చు. బ్రిటన్ మార్గదర్శకాలైతే తొలి ఎండోస్కోపీకి కనీసం 3 వారాల ముందు ఆపాలంటాయి. మీరు మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కు చెప్పి నిర్ణయించుకోండి.

2. మింగే స్టెరాయిడ్. ఆస్తమాకు వాడే బ్యూడెసొనైడ్ లాంటి మందునే చిక్కగా కలిపి మింగిస్తారు, అన్నవాహిక గోడకు పూతలా పట్టడానికి. వేసుకున్నాక అరగంట పాటు ఏమీ తినకూడదు, తాగకూడదు. యూరప్‌లో 2018లో, అమెరికాలో 2024లో ఈ జబ్బు కోసమే తయారైన రూపాలకు అనుమతి వచ్చింది. పొరను వదులు చేసే ఐఎల్-13 సంకేతాన్నే అడ్డుకునే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికా 2022 మేలో అనుమతిచ్చింది. ఇది చాలా ఖరీదైన దారి.

3. తిండి మార్పు. పాలు, గోధుమ, గుడ్లు, సోయా, పల్లీలు-జీడిపప్పు లాంటి గింజలు, చేపలు-రొయ్యలు.. ఈ ఆరూ మానేయడం పాత పద్ధతి. 129 మంది పెద్దవాళ్లపై అమెరికాలో జరిగి 2023లో వచ్చిన అధ్యయనంలో, ఒక్క పాలు, పాల పదార్థాలు మానేసినవాళ్లలో 34 శాతం మందికి, ఆరూ మానేసినవాళ్లలో 40 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. తేడా పెద్దగా లేదు. అంటే పాలతోనే మొదలుపెట్టి చూడొచ్చు. అన్నం, జొన్నరొట్టె, మక్క గటుక తినే మన ఇళ్లలో గోధుమ తగ్గించడం మరీ కష్టం కాదు. చాయ్, పెరుగు మానడమే అసలు పరీక్ష. ఇది కూడా డాక్టర్ పర్యవేక్షణలోనే చేయాలి. తోచింది మానేస్తే నీరసం తప్ప ఫలితం ఉండదు.

ముద్ద ఇరుక్కుంటే ఏం చేయాలి?

మాంసం ముక్కో, ముద్దో ఆగిపోయి ఉమ్మి కూడా మింగలేకపోతుంటే అది ఎమర్జెన్సీ. అరటిపండు మింగడం, అన్నం ముద్దలు మింగి తోసేయాలని చూడటం ప్రమాదం. వేళ్లు పెట్టి వాంతి చేసుకోవద్దు. వెంటనే ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోతే, ఛాతీ నొప్పి ఎడమ చేతికి పాకితే 108కి ఫోన్ చేయాలి.

ఇంకో ముఖ్యమైన మాట. మింగడం కష్టం కావడం రోజురోజుకూ పెరుగుతుంటే, బరువు తగ్గుతుంటే, వాంతిలో రక్తం పడితే, వయసు 50 దాటితే.. ముందు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. బీడీ, గుట్కా, మద్యం అలవాటు ఉన్నవాళ్లు అస్సలు ఆలస్యం చేయొద్దు.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

ఎండోస్కోపీకి వెళ్లేముందు: ఇప్పుడు వాడుతున్న గ్యాస్ గోలీ ఆపాలా?

ఎండోస్కోపీ రోజు: అన్నవాహిక నుంచి ముక్కలు తీస్తారా? ఎన్ని తీస్తారు?

రిపోర్ట్ వచ్చాక: ఇసినోఫిల్స్ ఫీల్డ్‌కు ఎన్ని? ఇరుకు ఏమైనా ఉందా?

చికిత్స మొదలయ్యాక: మళ్లీ ఎప్పుడు చూస్తారు? ఆరోగ్యశ్రీలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

మొత్తంగా చూస్తే..

పొర గట్టిదనాన్ని కొలిచే టెస్ట్ మనకు నేర్పింది ఒక్కటే. 'నాకిప్పుడు బాగానే ఉంది' అనే మాటకు, అన్నవాహిక లోపలి పరిస్థితికి పొంతన ఉండకపోవచ్చు. కొలవకపోతే తెలియదు. ఆ కొలత రేపు ఓమ్‌లలో రావచ్చు. ఇవాళ మాత్రం అది బయాప్సీ రిపోర్టులోని ఇసినోఫిల్స్ అంకె. ఆ అంకె కోసం హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన అవసరం లేని రోజు జగిత్యాల, సిరిసిల్లలకు దగ్గరకొచ్చింది. కాలేజీలు వచ్చాయి, మైక్రోస్కోపులు వచ్చాయి. ఇక కావాల్సింది, మింగలేకపోతున్నానన్న మనిషి చేతిలో ఇంకో గోలీల షీటు పెట్టి పంపకుండా ఒక్కసారి లోపల చూసి, ముక్క తీసి, లెక్కపెట్టడం. పేషెంటు వైపు నుంచి కావాల్సింది, ఆ మాట అడగడం.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.)